క్లోమ క్యాన్సర్: కలిసొచ్చే నెలల్లో ఇంట్లో గడిపేవి ఎన్ని రోజులు?

నల్లగొండ జిల్లాలో నడుము నొప్పిని ఎవరూ జబ్బుగా లెక్కపెట్టరు. మర్రిగూడ, నాంపల్లి, మునుగోడు వైపు తరాల తరబడి ఫ్లోరైడ్ నీళ్లు తాగిన జనం వంగిన నడుములతోనే ఎవుసం చేశారు. కాబట్టి అరవై ఏళ్ల రైతు ‘కడుపులో మొదలై వీపులోకి పొడుస్తోంది’ అంటే ఇంట్లోవాళ్లు నొప్పి గోలీ తెచ్చిస్తారు. కళ్లు పచ్చబడితే కామెర్లని పసరు పోయించి పత్యం పెడతారు. కొత్తగా షుగర్ బయటపడితే ‘ఈ వయసులో అందరికీ వచ్చేదే’ అనుకుంటారు. బరువు తగ్గితే ఆ నెపం కూడా షుగర్ మీదికే పోతుంది. పాలమూరులోనూ ఇదే తీరు. కానీ యాభై దాటిన మనిషిలో ఈ నాలుగింటిలో ఏ రెండు కలిసి కనిపించినా క్లోమ గ్రంథిని ఒకసారి స్కాన్ చేసి చూడాలి.

కడుపులో జీర్ణాశయం వెనుక, వెన్నుకు దగ్గరగా దాగి ఉండే గ్రంథి క్లోమం. అక్కడ పుట్టిన గడ్డ చేతికి తగలదు, తొలి రోజుల్లో బాధ పెట్టదు. అందుకే ప్రపంచంలో ఎక్కడైనా పది మంది రోగుల్లో ఎనిమిది మందికి పైగా ఆపరేషన్ దశ దాటాకే బయటపడతారు. 2022లో ప్రపంచవ్యాప్తంగా సుమారు 5.1 లక్షల మందికి ఈ క్యాన్సర్ కొత్తగా వచ్చినట్లు లెక్క తేలితే, అదే ఏడాది దీనితో చనిపోయినవారు సుమారు 4.67 లక్షలు. ఈ రెండు అంకెలు ఇంత దగ్గరగా ఉండే క్యాన్సర్లు చాలా తక్కువ.

జబ్బు కాలేయానికి పాకిందని పట్నంలో తేలిన రోజు ఇంటివాళ్ల ముందు నిలిచే ప్రశ్న ఒక్కటే: కీమో పెట్టిద్దామా, వద్దా? ఈ ప్రశ్నకు మన దగ్గర రెండు తప్పుడు జవాబులు చెలామణిలో ఉన్నాయి. ‘ఇక లాభం లేదు, ఇంటికి తీసుకుపోండి’ అనేది ఒకటి. ‘ఎకరం అమ్మైనా సరే, ఎంతవరకైనా పోదాం’ అనేది రెండోది. మొదటిది రోగికి దక్కాల్సిన సాయాన్ని ఆపేస్తుంది. రెండోది అతడికి మిగిలిన కాలాన్ని బస్టాండుల్లో, దవాఖాన వరండాల్లో ఖర్చు పెట్టిస్తుంది. సరైన జవాబు కావాలంటే నెలలతో పాటు రోజులు కూడా లెక్కపెట్టాలి. ఎన్ని నెలలు కలిసొస్తాయి, వాటిలో మనిషి తన ఇంట్లో, తన వాళ్ల మధ్య, నొప్పి లేకుండా గడిపే రోజులెన్ని? ఈ రెండు లెక్కలూ రోగి ముందు పెట్టాకే సెలైన్ ఎక్కించాలి.

మాట ఒకటే, అర్థాలు రెండు

కీమోథెరపీ తెలుగువాళ్లకు పరాయిది కాదు. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో నడిపిన బృందం అమినాప్టెరిన్ అనే మందును తయారుచేసింది. బోస్టన్ డాక్టర్ సిడ్నీ ఫార్బర్ దాన్ని బ్లడ్ క్యాన్సర్ పిల్లలకు ఇచ్చి, 1948లో ఫలితాలు ప్రకటించారు. అప్పటి ఉపశమనం తాత్కాలికమే. కానీ ఆ దారినే నడిచి, ఇవాళ మంచి చికిత్స అందిన పిల్లల్లో ఎక్కువ మందికి ఆ జబ్బు పూర్తిగా నయమవుతోంది.

చిక్కు ఇక్కడే వస్తుంది. బ్లడ్ క్యాన్సర్ పిల్లవాడికి కీమో అంటే నయం కావడం. ముదిరిన క్లోమ క్యాన్సర్‌లో కీమో అంటే కొంత కాలం, కొంత ఉపశమనం. మాట ఒకటే కావడంతో ‘కీమో మొదలుపెడదాం’ అని డాక్టర్ చెప్పగానే ఇంటివాళ్లకు ‘నయం చేద్దాం’ అని వినిపిస్తుంది. ‘నయం’ అన్న మాట డాక్టర్ నోటి నుంచి రాలేదు. అలాగని ‘నయం కాదు’ అని కూడా చాలాచోట్ల తెలుగులో, నిదానంగా ఎవరూ చెప్పరు.

అంకెలు ఏం చెబుతున్నాయి?

1997లో వెలువడిన ఒక అధ్యయనం ఈ జబ్బు చికిత్సను మార్చింది. అప్పటిదాకా వాడుతున్న ఫ్లోరోయురాసిల్‌తో రోగుల మధ్యస్థ ఆయుష్షు 4.4 నెలలుంటే, జెమ్‌సైటబిన్‌తో 5.65 నెలలు వచ్చింది. పెరిగింది నెల రోజులకు కాస్త పైన. కానీ ఏడాది దాటి బతికినవారు నూటికి ఇద్దరి నుంచి 18 మందికి పెరిగారు. నొప్పి తగ్గడం, ఓపిక పెరగడం వంటి మేలు కూడా జెమ్‌సైటబిన్ తీసుకున్నవారిలోనే ఎక్కువగా కనిపించింది. ఈ దశలో నొప్పి తగ్గించడం కూడా కీమో పనే అని అప్పుడే రుజువైంది.

2011లో ఫ్రాన్స్ డాక్టర్లు నాలుగు మందులు కలిపిన ఫోల్‌ఫిరినాక్స్ ఫలితాలు ప్రకటించారు. జెమ్‌సైటబిన్ ఒక్కటే తీసుకున్నవారికి 6.8 నెలలు, దీనికి 11.1 నెలలు. 2013లో జెమ్‌సైటబిన్‌కు నాబ్-పాక్లిటాక్సెల్ జోడిస్తే 6.7 నెలలు 8.5 అయ్యాయి. 2023లో నాలిరిఫాక్స్ అనే మరో కలయిక 11.1 నెలల దగ్గరే నిలిచింది. పన్నెండేళ్ల పరిశోధన తర్వాత కూడా గీత పదకొండు నెలల చుట్టూనే ఉంది.

ఈ అంకెలను చదవడం తెలియాలి. 8.5 నెలలంటే డాక్టర్ రాసిచ్చిన గడువు కాదు. వంద మందిని వరుసగా నిలబెడితే యాభయ్యో మనిషి దగ్గర గీసిన గీత అది. సగం మంది ఆ గీతకు ముందే పోతారు, సగం మంది దాటుతారు. ముదిరిన క్యాన్సర్లలో నిపుణులు వాడే ఒక ముతక లెక్క ఉంది. మధ్యస్థంలో సగం నుంచి దానికి రెట్టింపు దాకా ఉన్న కాలంలో దాదాపు సగం మంది రోగులుంటారు. అంటే 8 నెలల మధ్యస్థం ఉన్నచోట ‘మీలాంటి వారిలో సగం మందికి నాలుగు నుంచి పదహారు నెలలు, కొద్దిమందికి అంతకంటే ఎక్కువ, కొద్దిమందికి తక్కువ’ అని చెప్పడం నిజాయతీ. ఒక్క అంకె చెప్పి భయపెట్టడమూ తప్పే, అంకే చెప్పకుండా ఆశ పెట్టడమూ తప్పే.

మరో సంగతి. ఫోల్‌ఫిరినాక్స్ అధ్యయనంలో చేరినవారు 75 ఏళ్లు మించనివారు, తమ పని తాము చేసుకోగల ఓపిక ఉన్నవారు. రెండు నెలలు తిండి సహించక, పది కిలోలు తగ్గి, పసరు మందుల తర్వాత ఆలస్యంగా పట్నం చేరిన మనిషికి 11.1 అనే అంకె వర్తించదు. కీమో తట్టుకునే శక్తికి ఒక తేలిక కొలత ఉంది. మేలుకుని ఉన్న సమయంలో సగానికి పైగా మంచం మీదే గడుపుతున్నవారికి కీమో వల్ల మేలు కంటే కీడే ఎక్కువ. అలాంటివారికి ముందు కామెర్లు తగ్గించే స్టెంట్, నొప్పికి మందు, తిండి అరిగే ఏర్పాటు చేసి, కోలుకుంటే అప్పుడు కీమో ఆలోచించాలి.

స్టీవ్ జాబ్స్ ఎనిమిదేళ్లు బతికాడు కదా అని కొందరు అడుగుతుంటారు. ఆయనది అదే గ్రంథిలో పుట్టే వేరే రకం, న్యూరోఎండోక్రైన్ గడ్డ. అది నెమ్మదిగా పెరుగుతుంది, దాని వైద్యమే వేరు. మన దేశంలో కడుపులో టీబీ కూడా స్కాన్‌లో గడ్డలాగే కనిపించి మోసం చేస్తుంది. అందుకే ముక్క పరీక్ష చేయకుండా కీమో మొదలుపెట్టకూడదు.

దేవరకొండ నుంచి చూస్తే

అధ్యయనాల పట్టికలో లేని ఒక గడి మన జిల్లాల్లో ఉంది: దూరం. నల్లగొండ నుంచైనా, మహబూబ్‌నగర్ నుంచైనా హైదరాబాద్ సుమారు వంద కిలోమీటర్లు. గద్వాల, కొల్లాపూర్ వాళ్లకు ఇంకా చాలా ఎక్కువ. దేవరకొండ దగ్గరి ఊరి నుంచి వచ్చే ఒక రైతును ఊహించుకుని లెక్క వేద్దాం.

ఫోల్‌ఫిరినాక్స్ రెండు వారాలకోసారి ఇస్తారు. కొన్ని గంటలు దవాఖానలో ఎక్కించాక మరో మందు చిన్న పంపు ద్వారా 46 గంటల పాటు వెళ్లాలి. పట్నంలో ఉన్నవాళ్లు పంపు తగిలించుకుని ఇంటికి పోవచ్చు. దూరం నుంచి వచ్చినవాళ్లు అక్కడే ఉండిపోవాలి. ముందురోజు రక్త పరీక్ష, మూడు రోజులు మందు, రాకపోకలు కలిపితే ఒక్కో విడతకు ఐదు రోజులు. ఆరు నెలల్లో 12 విడతలకు 60 రోజులు. వాంతులు, విరేచనాలు, నీరసంతో పడుకునే రోజులు, జ్వరమొచ్చి అర్ధరాత్రి బండి కట్టించుకుని పరుగెత్తే రోజులు దీనికి అదనం. జెమ్‌సైటబిన్‌తో పోలిస్తే దీనివల్ల కలిసొచ్చేది నాలుగు నెలలకు కాస్త ఎక్కువ. ఒంట్లో శక్తి ఉన్న యాభై ఏళ్ల మనిషికి ఈ బేరం గిట్టవచ్చు. పైగా ఆ అధ్యయనంలో మందు కఠినమైనదే అయినా, రోగుల జీవన నాణ్యత దిగజారడం ఈ వర్గంలోనే ఆలస్యమైంది. జబ్బును అదుపులో పెట్టడమే అందుకు కారణం.

జెమ్‌సైటబిన్ ఒక్కటే అయితే వరుసగా మూడు వారాలు వారానికోసారి, నాలుగో వారం విరామం. ఆరు విడతల్లో 18 సార్లు. మందు ఎక్కడానికి పట్టేది అరగంట. కానీ పట్నంలో ఎక్కించుకోవాలంటే ఒక్కోసారికి రెండు రోజులు పోతాయి, మొత్తం 36 రోజులు. అదే మందు నల్లగొండలోనో మహబూబ్‌నగర్‌లోనో దొరికితే ఒక పూట పని. రోగి మధ్యాహ్నం ఇంట్లో తింటాడు, కొడుకు కూలి పోదు.

చికిత్స కోసం పోయే ఈ కాలాన్ని కూడా దుష్ప్రభావంగానే లెక్కించాలని ఉత్తర అమెరికా డాక్టర్లు ముగ్గురు 2022లో ప్రతిపాదించారు. ‘టైమ్ టాక్సిసిటీ’ అని దానికి పేరు పెట్టారు. వాళ్లు కార్లలో వచ్చే రోగుల గురించి రాశారు. రెండు బస్సులు మారి వచ్చే రోగికి ఆ మాట ఇంకెంత వర్తిస్తుందో చెప్పనక్కరలేదు.

ఇది పేదవాడికి వైద్యం వద్దనడమేనా?

ఈ అభ్యంతరం న్యాయమైనదే. పట్నంలో ఉన్నవాడికి పదకొండు నెలలు, పల్లెవాడికి ఇంటి దారి అని చెబితే అది అన్యాయం. ఇక్కడ వాదన అది కాదు. దూరం తగ్గితే మందు విలువ పెరుగుతుంది. కాబట్టి రోగిని మందు దగ్గరికి ఈడ్చుకెళ్లడం కాకుండా, వీలైనంత మందును రోగి దగ్గరికి తేవాలన్నదే వాదన.

ఆరోగ్యశ్రీ 2007లో తొలి విడతగా మొదలైన మూడు జిల్లాల్లో మహబూబ్‌నగర్ ఒకటి. 2023 డిసెంబర్‌లో తెలంగాణలో దాని పరిమితి పది లక్షలకు పెరిగింది. ఇవాళ కీమో మందు ఖర్చుకు చాలా కుటుంబాలకు ఆ కార్డే ఆధారం. కానీ కార్డు మందు ఖర్చును మోస్తుందే కానీ, తోడు వచ్చినవాళ్ల కూలిని, పట్నంలో గది కిరాయిని, వాకిట్లో పాలు పితికే మనిషి లేక అమ్ముకున్న బర్రెను లెక్కలోకి తీసుకోదు. ఇంకో లోపం కూడా ఉంది. కీమోకు ప్యాకేజీ ఉంటుంది. డాక్టర్ అరగంట కూర్చుని ‘ఇది నయం కాదు, అయినా మనం చేయగలిగింది ఇది’ అని వివరించినందుకు ఏ ప్యాకేజీ ఉండదు. దేనికి డబ్బు వస్తుందో వ్యవస్థ అదే ఎక్కువ చేస్తుంది. అది డాక్టర్ల గుణం కాదు, లెక్కల గుణం.

ఇప్పుడు మహబూబ్‌నగర్‌లో 2016 నుంచి, నల్లగొండ, సూర్యాపేటల్లో 2019 నుంచి ప్రభుత్వ మెడికల్ కాలేజీలు ఉన్నాయి. బీబీనగర్‌లో ఎయిమ్స్ ఉంది. మూడేళ్లలో అన్ని జిల్లా ఆసుపత్రుల్లో డే కేర్ క్యాన్సర్ సెంటర్లు పెడతామని 2025-26 కేంద్ర బడ్జెట్ ప్రకటించింది. వీటిని బోర్డులకే పరిమితం చేయకూడదు. నిర్ధారణ, చికిత్స ప్రణాళిక హైదరాబాద్‌లోని ఎంఎన్‌జే వంటి పెద్ద సంస్థలో జరగాలి. జెమ్‌సైటబిన్ లాంటి తేలిక మందులు, రక్త పరీక్షలు, జ్వరమొస్తే చూసే బాధ్యత జిల్లాకు రావాలి. ఇందుకు కావాల్సింది కొత్త భవనాల కంటే శిక్షణ పొందిన నర్సులు, మందు కలిపే సురక్షితమైన గది, రాత్రి ఫోన్ ఎత్తే ఒక మనిషి.

నొప్పి మందు మొదటి రోజు నుంచే

క్లోమ క్యాన్సర్ నొప్పి మామూలు నొప్పి కాదు. పక్కనే ఉన్న నరాల గుత్తిని పట్టుకుంటుంది, వెల్లకిలా పడుకోనివ్వదు. దీనికి మార్ఫిన్ గోలీ మంచి మందు, ధర కూడా తక్కువే. ‘మార్ఫిన్ అంటే చివరి మందు, అలవాటు పడిపోతారు’ అన్న భయం డాక్టర్లలో కూడా ఉంది. నొప్పి ఉన్న క్యాన్సర్ రోగికి డాక్టర్ చెప్పిన మోతాదులో ఇస్తే ఆ భయానికి తావు లేదు. మలబద్ధకం రాకుండా మొదటి రోజు నుంచే మందు తోడివ్వాలి, అంతే. మార్ఫిన్ నిల్వకు అడ్డుగా ఉన్న లైసెన్సుల చిక్కులను తగ్గిస్తూ 2014లో పార్లమెంటు మత్తు పదార్థాల చట్టాన్ని సవరించింది. గోలీలకు లొంగని నొప్పికి ఆ నరాల గుత్తిలోకి మందు ఎక్కించి మొద్దుబార్చే పద్ధతి కూడా ఉంది.

తిన్నది అరగక, జిడ్డుగా విరేచనాలై, రోగి ఎండిపోవడం ఇంకో బాధ. క్లోమం చేయాల్సిన రసాలు అందకపోవడమే దీనికి కారణం. ఆ ఎంజైములున్న క్యాప్సూల్స్ ప్రతి భోజనంతో పాటు వేసుకుంటే చాలామందికి తేడా తెలుస్తుంది. చాలా చీటీల్లో ఈ మందే కనిపించదు. కాలు వాచి నొప్పి పుడితే రక్తం గడ్డకట్టిందేమో చూడాలి. ఈ జబ్బులో అది తరచూ వస్తుంది.

వీటన్నిటినీ కలిపి చూసేదే పాలియేటివ్ కేర్. ఇది కీమో ఆపేశాక మొదలయ్యేది కాదు, కీమోతో పాటే మొదలుపెట్టాల్సింది. ముదిరిన ఊపిరితిత్తుల క్యాన్సర్ రోగులపై బోస్టన్‌లో జరిగి 2010లో వెలువడిన అధ్యయనంలో, మొదటి నుంచే ఈ సేవ అందుకున్నవారు చివరి రోజుల్లో కఠిన చికిత్సలు తక్కువగా తీసుకున్నారు. అయినా 11.6 నెలలు బతికారు, మిగతావారు 8.9 నెలలు. జబ్బు వేరైనా, నొప్పి తగ్గించి ధైర్యం చెప్పినంత మాత్రాన ఆయుష్షు తగ్గదని అది చూపించింది. కేరళ 2008లోనే దీనికి ప్రభుత్వ విధానం తెచ్చి, ఊరివాళ్ల సాయంతో ఇళ్లకు వెళ్లి చూసే పద్ధతిని నిలబెట్టింది. తెలంగాణలోనూ జిల్లా పాలియేటివ్ కేంద్రాలు, ఇంటికి వచ్చే ‘ఆలన’ బండ్లు ఉన్నాయి. అవి ఉన్నాయని రోగికి చెప్పాల్సింది కీమో రాసిన డాక్టరే. డిశ్చార్జి కాగితం మీద జిల్లా కేంద్రం ఫోన్ నంబర్ లేకపోతే ఆ కాగితం సగమే రాసినట్టు.

పెద్దాయనకు చెప్పొద్దు అనే ముందు

‘నాయనకు తెలియనీయకండి సార్, తట్టుకోలేడు.’ ప్రేమతో అనే మాటే ఇది. కానీ సొంత శరీరంలో ఏం జరుగుతోందో ఆ పెద్దమనిషి చాలాసార్లు ముందే గ్రహిస్తాడు. పిల్లలు బాధపడతారని తానూ అడగడు. ఇద్దరూ నటిస్తుండగా కాలం గడిచిపోతుంది. తెలిస్తే ఆయన పట్టా మార్పిడి పూర్తి చేసుకుంటాడు, బాకీలు చెబుతాడు, మనవరాలి పెళ్లి ముందుకు జరపమంటాడు, ఓపికున్నప్పుడే కురుమూర్తి జాతరకో చెర్వుగట్టుకో పోయొస్తాడు. ఎకరం అమ్మాలా వద్దా అన్న మాటలో అసలు ఓటు ఆయనదే. అన్నీ ఒకేసారి చెప్పాల్సిన పని లేదు. ‘నీకెంతవరకు తెలుసుకోవాలని ఉంది?’ అని అడగడం చాలు.

కీమోకు ఒప్పుకునే ముందు రోగి, ఇంటివాళ్లు డాక్టర్‌ని ఈ ఐదు అడగండి, జవాబులు కాగితం మీద రాయించుకోండి.

1. ముక్క పరీక్షలో ఏ రకం అని తేలింది? ఈ చికిత్స నయం చేయడానికా, కాలం పొడిగించడానికా?

2. మా నాయనలాంటి ఓపికున్న మనిషికి ఈ మందుతో సాధారణంగా ఎంత కాలం, మందు లేకుండా ఎంత?

3. నెలకు ఎన్ని రోజులు పట్నంలో ఉండాలి? ఇందులో ఏది మా జిల్లాలో చేయించుకోవచ్చు?

4. పనిచేస్తోందో లేదో ఏ స్కాన్‌తో, ఎన్ని వారాలకు చూస్తారు? పనిచేయకపోతే ఆపేస్తారా?

5. నొప్పికి, తిండి అరగడానికి ఇవాళ ఏం మొదలుపెడుతున్నారు? రాత్రి జ్వరమొస్తే ఎవరికి ఫోన్ చేయాలి?

నాలుగో ప్రశ్న ముఖ్యం. మొదలుపెట్టడం తేలిక, ఆపడం కష్టం. మొదటి మందు పనిచేయడం మానేశాక రెండో వరుస మందులతో వచ్చే లాభం ఇంకా తక్కువ. 2016లో వెలువడిన ఒక పెద్ద అధ్యయనంలో అది 4.2 నుంచి 6.1 నెలలకు, అదీ శక్తి మిగిలినవారిలో. మంచం పట్టిన మనిషికి చివరి వారంలో కూడా సెలైన్ ఎక్కించడం సేవ అనిపించుకోదు. ‘ఇక కీమో ఆపుదాం, చూసుకోవడం మాత్రం ఆపం’ అని డాక్టర్ చెప్పగలగాలి. ఆ మాట విన్నప్పుడు చేతులెత్తేశారని ఇంటివాళ్లు అనుకోకూడదు.

ప్రయాణం తప్పనివారికి ఒక చిన్న సంగతి. చికిత్సకు వెళ్లే క్యాన్సర్ రోగికి, తోడు వెళ్లే ఒకరికి రైలు చార్జీలో రాయితీ ఉంది. గద్వాల, మహబూబ్‌నగర్, నల్లగొండ మూడూ రైలు మార్గం మీదే ఉన్నాయి. దవాఖానలో ఇచ్చే ధ్రువపత్రం అడిగి తీసుకోండి.

క్లోమ క్యాన్సర్‌ను ఓడించే మందు ఇంకా రాలేదు. వచ్చేదాకా ఉన్న మందును నిజం చెప్పి ఇవ్వడం, ఇంటికి దగ్గరగా ఇవ్వడం, నొప్పి లేకుండా చూడటం మన చేతిలో పనులే. ఈ మూడింటికీ కొత్త పరిశోధన అక్కర్లేదు. జిల్లా ఆసుపత్రిలో ఒక గది, ఒక నర్సు, మార్ఫిన్ ఉన్న ఒక అల్మారా, తెలుగులో అరగంట మాట్లాడే ఓపిక ఉంటే చాలు.